నెమ్మదిగా తిప్పిన గొంతు

నా తమ్ముణ్ణి తిట్టినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరి మీద కూడా, వాణ్ణి పొగిడినవాళ్ళ మీద వచ్చినంత కోపం నాకు రాలేదు. ఇదేం విడ్డూరం ముసలమ్మా అంటారా? అనండి. ముందు సంగతి వినండి, ఎవరిది విడ్డూరమో తర్వాత మీరే చెబుదురు గాని.

మా అల్లుడిది పాటల రికార్డుల షాపు. ఒక పక్క తాళంచెవులు చేసేవాడు, ఇంకో పక్క ఇస్త్రీ దుకాణం, నడుమ రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా మా కొట్టు. రెండువైపులా చెక్కపెట్టెల్లో రికార్డులు నిలువుగా పేర్చి ఉంటాయి. లోపలి చివర గల్లాబల్ల, దాని పక్కన బండరాయి పలక మీద రికార్డు తిప్పే యంత్రం. రాయి ఎందుకంటే, మామూలు బల్ల మీద పెడితే ఎవరైనా కాస్త బరువుగా అడుగేసినా ముల్లు ఎగిరిపడుతుంది. మా కాపురం పై అంతస్తులో. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక, పొద్దున ఒక్కసారి మెట్లు దిగి స్టూలు మీద చేరానంటే కొట్టు మూసేదాకా అక్కడే ఉంటాను. పాత రికార్డుల దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవడం నా పని. నాలుగో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, అట్టల మీది రాతలు కూడబలుక్కునే చదువుతాను. అయితేనేం, ఏ రికార్డు ఏ పెట్టెలో ఉందో, దాన్ని ఎవరు తెచ్చి అమ్మారో, అమ్మేటప్పుడు కళ్ళు తుడుచుకున్నారో లేదో కూడా చెప్పగలను.

ఆదివారం వచ్చిందంటే మా కొట్టు కోర్టయిపోతుంది. రాక్ పాటలవాళ్ళూ మెటల్ పాటలవాళ్ళూ చేరి, ఏ బ్యాండు గొప్పది, ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారు అని గొంతులు చించుకుంటారు. ఒకసారి నల్ల గడియారం అనే బ్యాండు గురించి మాటా మాటా పెరిగి, ఇద్దరు పెద్దమనుషులు కాలర్లు పట్టుకున్నారు. ఒకాయన కళ్ళజోడు విరిగింది. అప్పటినుంచి మా అల్లుడు రెండు కట్టుబాట్లు పెట్టాడు. రికార్డు అట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ఇక ఒక రికార్డు బాగాలేదు అనాలంటే, ముందు దాన్ని ఒక వైపు మొత్తం, మొదటినుంచి చివరిదాకా నిలబడి వినాలి. మధ్యలో వెళ్ళిపోయినవాడికి నోరెత్తే హక్కు లేదు. ఈ రెండో కట్టుబాటు నాకు మహా ఇష్టం. ఇళ్ళల్లో కూడా పెడితే సగం కాపురాలు బాగుపడతాయి.

ఈ వాదనల్లో ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడేది ఇద్దరు. ఒకాయన పళ్ళ డాక్టరు, పాత రాక్ పాటలంటే ప్రాణం పెడతాడు. రెండోవాడు గుబురు. వాడి గడ్డం చూసి ఎవరో పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. గుబురుకు 'బురద' అని సొంత బ్యాండు ఉంది. పేరుకు తగ్గట్టే వాళ్ళ పాటలు బురదలో కూరుకుపోయిన బండిలా నెమ్మదిగా, బరువుగా కదులుతాయి. నవ్వకండి, వాళ్ళ కచేరీ అంటే హాలు కిక్కిరిసిపోతుంది.

"గడియారం వాళ్ళు లేకపోతే మీలో ఒక్కడు కూడా గిటారు ముట్టుకునేవాడు కాదు," అంటాడు డాక్టరు అట్ట ఊపుతూ. "కోట్లమంది విన్నారు నాయనా వాళ్ళని!"

గుబురు అట్ట లాక్కుంటాడు. "ఎక్కువమంది వింటే గొప్పదైపోతుందా? అలాగైతే అన్నిటికన్నా గొప్ప సంగీతం అంబులెన్సు కూత."

"మరి మీ బురద ఏం గొప్పయ్యా? నేను పన్ను పీకి, దూది పెట్టి, మనిషిని ఇంటికి పంపేలోపు మీవాడు తీగ ఒక్కసారి మీటుతాడు!"

"అదేం కాదులెండి. మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళు పెట్టే కేకలే మా పాటలనుకుంటున్నారేమో."

"అట్ట! అట్ట!" అని మా అల్లుడు కసురుతాడు.

ఎంత దూరం పోయినా గుబురు చివరికి ఒక్క మాట దగ్గరే ఆగుతాడు. "గడియారాలూ గంటలూ మాకు గురువులు కారు. మా గురువు ఒక్కటే, పిడుగు. ఆ రికార్డు లేకపోతే మేం లేం. మేమే కాదు, ఇవాళ నెమ్మది పాటలు పాడే ఏ బ్యాండూ లేదు."

పిడుగు మా తమ్ముడి బ్యాండు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోయేది. తుడిచిన రికార్డునే మళ్ళీ తుడుస్తూ, ఎవరికీ కనబడకుండా నవ్వుకునేదాన్ని.

మా తమ్ముడు కుర్రతనంలో సీసాల కార్ఖానాలో పనిచేశాడు. పగిలిన సీసాలు ఏరి పక్కన పడేసే పని. అక్కడే ఇంకో ఇద్దరు దొరికారు, ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ము. ముగ్గురూ కలిసి ఒక పాత గోదాములో పాడుకునేవాళ్ళు. రికార్డు చేసిన రోజున గోదాము గోడలకు దుప్పట్లు కొట్టింది నేనే. ముగ్గురికీ అన్నం పట్టుకెళ్ళి, మేకులు నోట్లో పెట్టుకుని, నిచ్చెనెక్కి కొట్టాను. మా వాడి గొంతు సన్నగా, పదునుగా, ఈల వేసినట్టు ఉండేది. శబ్దం పట్టే ఆయన విని, "పెద్ద రికార్డే చేస్తాను గాని, వేగంగా తిరిగేట్టు చేస్తాను, శుభ్రంగా వస్తుంది," అన్నాడు. మామూలుగా పెద్ద రికార్డులు ముప్ఫై మూడు అనే మీట మీద నెమ్మదిగా తిరుగుతాయి, చిన్నవి నలభై అయిదు మీద వేగంగా. వీళ్ళది పెద్దదే గాని నలభై అయిదు మీద తిప్పాలి. ఆ అంకెను మధ్యలో అంటించే గుండ్రటి కాగితం మీద అచ్చు వేయించారు. అచ్చువాడు దాన్ని నట్టనడుమకు తెచ్చి వేశాడు. తీరా బెజ్జం కొట్టేసరికి అంకె కాస్తా ఎగిరిపోయింది.

అట్టలు అతికిస్తూ ఆ సంగతి కనిపెట్టింది మా అమ్మ. తమ్ముడు నవ్వేశాడు. "చెవులున్నవాడెవడికైనా తెలుస్తుందిలే అమ్మా."

వేసినవే కొన్ని, కొన్నవాళ్ళు ఇంకా తక్కువ. బ్యాండు చెదిరిపోయింది. గిటారు వాయించినవాడు పోయాడు, డ్రమ్ము వాయించినవాడు ఎటు వెళ్ళాడో తెలియదు. మా వాడు లిఫ్టులు బాగుచేసే పనిలో చేరి, అందులోనే తల నెరిసింది. దగ్గరున్న రికార్డులన్నీ అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చేశాడు. మా ఇంట్లో ఉన్నదాన్ని పొరుగింటావిడ విని ఇస్తానని పట్టుకెళ్ళి, ఇల్లు మారిపోయింది. ఆ మధ్య తమ్ముడికి గొంతులో పుండు లేస్తే ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఇప్పుడు వాడు మాట్లాడితే గుసగుసే. అంటే వాడి గొంతు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే ఆ రికార్డులోనే ఉంది. అది మా కంటికి కనబడక ఏళ్ళయింది. ఈ కుర్రాళ్ళ దగ్గర ఉన్నవన్నీ నకళ్ళు, నకళ్ళకు నకళ్ళు. మా కొట్టులో నకళ్ళు మోగించకూడదని మా అల్లుడి పట్టుదల. వాళ్ళు చెవుల్లో తొడుక్కుని వినేవాళ్ళు, నేను వాళ్ళ మొహాలు చూసి మురిసిపోయేదాన్ని.

అలా ఉండగా ఒక ఆదివారం గుబురు ఒక పాత సంచి గుండెలకు హత్తుకుని వచ్చాడు. వెంట రికార్డుల కంపెనీ అమ్మాయి. ఎక్కడో పాత సామాన్ల కొట్టులో అసలు పిడుగు రికార్డు దొరికిందట. దాన్ని మళ్ళీ కొత్తగా వేస్తారట. మా తమ్ముడు సంతకం పెడితే చాలట.

నేనే తుడిచాను దాన్ని. మా అమ్మా నేనూ జిగురుతో అతికించిన అట్ట, మూల మీద అమ్మ వేలిముద్ర ఎండిపోయి అలాగే ఉంది. మా అల్లుడు రికార్డు పెట్టి ముల్లు దించాడు.

పాడుబడ్డ బావిలో పడ్డ దున్నపోతు మూలిగినట్టు ఒక గొంతు లేచింది.

రికార్డు మారిపోయిందేమో అనుకున్నాను. గిటారు చూస్తే బరువైన బీరువా నేల మీద ఈడ్చినట్టుంది. డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక కునుకు తీయొచ్చు. ఇంతలో "గేటు... తియ్... గేటు..." అన్న మాటలు వినబడ్డాయి. మా వాడి పాటే! చుట్టూ చూస్తే కుర్రాళ్ళు కళ్ళు మూసుకుని తలలు ఊపుతున్నారు. గుబురు కళ్ళల్లో నీళ్ళు. నా ఒళ్ళు మండిపోతోంది. కాని చివరిదాకా విన్నాకే నోరెత్తాలన్న కట్టుబాటును నెత్తిన పెట్టుకున్నది నేనే కదా. ఉడుకుతున్న గిన్నె మీద మూతలా కూర్చున్నాను. ఆ వైపు అయిపోగానే అట్ట లాక్కున్నాను.

"ఎవడిదిరా ఈ గొంతు?"

"మీ తమ్ముడుగారిదే అమ్మమ్మా," అన్నాడు గుబురు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత లోతైన గొంతు ఇంకొకరికి లేదు."

"మా వాడిది లోతు గొంతా? పాలు పోసేవాడు వాణ్ణి అమ్మాయనుకుని 'గిన్నె తెమ్మా' అనేవాడు! అల్లుడూ, వేగం మీట నొక్కు."

"అత్తయ్యా, పెద్ద రికార్డు ముప్ఫై మూడు మీదే..."

"నీకు పిల్లనిచ్చినదాన్ని చెబుతున్నా. నొక్కు!"

నొక్కాడు. ముల్లు దిగింది. అంతే, మా వాడు వచ్చేశాడు. ఎండలో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడ్డట్టు వచ్చేశాడు. "గేటు తియ్ గేటు తియ్" అని ఈల లాంటి గొంతు. గోదాము గోడల దుప్పట్ల వాసన కూడా నా ముక్కుకు తగిలింది.

నేను ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. గుబురు మొహం పాలిపోయింది. పాట సగంలో ఉండగానే చెయ్యి చాచి ముల్లు ఎత్తేశాడు.

"అమ్మమ్మా, ఇది... ఇది కోతిపిల్లల అరుపులా ఉంది."

ఆ మాట నా తమ్ముడి గొంతును అన్నాడు. ఇందాక ఏడ్చిన ఆ కళ్ళతోనే నన్ను చూస్తూ అన్నాడు.

పళ్ళ డాక్టరు మాత్రం గంతేశాడు. "ఇదిరా రాక్ అంటే! చూశావా, మీ గురువు మా పార్టీ!"

"మీరు ఊరుకోండి డాక్టరుగారూ! మొన్నటిదాకా పిడుగు ఒట్టి చెత్త అన్నది మీరు కాదూ? గాలి ఎటు వీస్తే అటు గొడుగు పడతారా?" అని నేనే కసిరాను.

కంపెనీ అమ్మాయి చాలా మర్యాదగా అట్ట అడిగి తీసుకుంది. మర్యాదగా మాట్లాడేవాళ్ళతోనే నాకు భయం. "అమ్మా, మీ బాధ అర్థమైంది. కాని జనానికి తెలిసింది నెమ్మది పాటే. ఇన్ని బ్యాండ్లు పుట్టింది దాన్ని వినే. ప్రభావమంతా దానిదే. మేం దాన్నే వేస్తాం. ఈ వేగం పాట ఎవరికీ అక్కర్లేదు."

"ప్రభావం దానిదైతే, కింద మా వాడి పేరెందుకమ్మా?"

"పేరు ఉండాలి కదండీ. గౌరవం."

"ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. తప్పు మీట నొక్కి నకళ్ళు తీసింది మీరు, మురిసింది మీరు, చివరికి దూడను తెచ్చి మా గుమ్మంలో కట్టేసి గౌరవం అంటారా?"

ఆమె అట్ట బల్ల మీద పెట్టి, వచ్చే ఆదివారం కాగితాలతో వస్తానని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మోకాళ్ళ సంగతి మోకాళ్ళకు వదిలేసి, రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడి ఇంటికి నడిచాను. వాడు స్నానాల గదిలో కుళాయి విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. అంతా చెప్పాను. వాడు కుళాయి లోపలి రబ్బరు ముక్కను వెలుతురులో పెట్టి చూస్తూ గుసగుసగా అన్నాడు:

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? ఏదో ఒకటి వింటున్నారుగా, విననీ."

"నీకు దురద లేదా? నీ గొంతురా అది! ఇంకెక్కడుంది నీ గొంతు, చూపించు?"

అనకూడని మాట అన్నానేమోనని నాలుక కరుచుకున్నాను. వాడు రబ్బరు ముక్క కింద పెట్టాడు. తర్వాత, "నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా?" అన్నాడు.

పాడి చూపించాను. నా గొంతుకు అది బాగానే నప్పింది. వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"గేటు పాట కూడానా?"

"అదే ముందు."

"అది పరిగెత్తే పాటక్కా," అన్నాడు. వచ్చే ఆదివారం తనే వస్తానన్నాడు.

వాడు మా కొట్టు గడప తొక్కడం అదే మొదలు. తన పాట ఎవరికీ పట్టలేదన్న రోషంతో ఇన్నేళ్ళూ మా అల్లుణ్ణి కూడా ఇంటి దగ్గరే పలకరించి వెళ్ళిపోయేవాడు. వాణ్ణి చూడగానే కుర్రాళ్ళందరూ లేచి నిలబడ్డారు. గుబురు కుర్చీ తెచ్చి వేశాడు. మా వాడు కూర్చోలేదు. నెమ్మది పాటే ముందు పెట్టమని సైగ చేసి, చేతులు కట్టుకుని, ఆ వైపు మొత్తం నిలబడే విన్నాడు. నేను వాడి మొహం చూస్తున్నాను, ఎప్పుడు పేలతాడా అని. విని, అట్ట అందుకున్నాడు. గుసగుస వినడానికి అందరూ దగ్గరికి జరిగారు. పక్కన ఇస్త్రీపెట్టె బుస్సుమనడం కూడా వినబడుతోంది.

"బాగుంది," అన్నాడు.

నేను స్టూలు మీదినుంచి పడబోయాను.

"చాలా బాగుంది. కాని ఇది నేను పాడలేదు. ఇది మీరు చేశారు. పొరపాటున చేశారో, కావాలని చేశారో, చేసింది మీరే. నా పేరు పెట్టి నా నెత్తిన రుద్దకండి."

"మీరు లేకపోతే మేం లేం కదండీ!" అన్నాడు గుబురు.

"నేనున్నా మీకు వినబడలేదు కదా బాబూ."

గుబురు గడ్డం లాక్కున్నాడు. "అది చావు పాట కదండీ? ఆ గేటు చావు గేటు కదా? మేం దాని మీద ఎంత..."

"సీసాల కార్ఖానా గేటు. హారన్ కొట్టగానే మూసేసేవాడు. ఒక్క అడుగు వెనకపడ్డామా, ఆ పూట కూలి లేదు. రోజూ పరిగెత్తేవాణ్ణి. మీరు తిప్పిన వేగంతో నడిచి ఉంటే, నాకు ఉద్యోగం మొదటి రోజే పోయేది."

పళ్ళ డాక్టరు పకపకా నవ్వాడు. గుబురుకు మాత్రం కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే వాడి కోపంలోనూ న్యాయం ఉంది. "అయితే నేను ఇన్నేళ్ళూ ఒక పొరపాటును గుండెల మీద పెట్టుకుని తిరిగానా?" అని అరిచాడు. "పోనీ అసలుది గొప్పదా అంటే అదీ లేదు! క్షమించండి, అది బాగాలేదు!"

నేను లేచాను. "బాగాలేదనడానికి నువ్వు విన్నావా? సగంలో ముల్లు ఎత్తేసినవాడివి! ఈ కొట్టు కట్టుబాటు ఏమైంది? నల్ల గడియారానికి ఉన్న పాటి మర్యాద నా తమ్ముడికి లేదా?"

మా అల్లుడు మీట మార్చి, రికార్డు మొదటినుంచి పెట్టాడు.

గుబురు నిలబడ్డాడు, ముందు మొండిగా, చేతులు జేబుల్లో పెట్టుకుని. గేటు పాట నడిచింది. దాని వెనకే మరో పాట, అందులో డ్రమ్ము సీసాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చినట్టు గలగలలాడుతుంది. మూడో పాట చివర మా వాడికి ఊపిరి అందక ఒక మాట తెగిపోయింది. దాన్ని మళ్ళీ పాడకుండా అలాగే వదిలేశారు. అక్కడ గుబురు చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. తల వంచి విన్నాడు. ఎవరూ కిసుక్కుమనలేదు. నా తమ్ముడు మాత్రం రికార్డు వైపు చూడటం లేదు, వినేవాడి వైపే చూస్తున్నాడు.

ముల్లు లేచాక మా వాడే గుబురు చేతికి అట్ట ఇచ్చాడు.

"చివరిదాకా విన్నాను," అన్నాడు గుబురు. "గిటారు పలచన. డ్రమ్ముకు మరీ తొందర. ఆ తెగిపోయిన మాట దగ్గర మాత్రం... ఒకడు నిజంగా పరిగెత్తుతున్నాడు. అది ఒప్పుకుంటాను. కాని నాకు నచ్చలేదండీ. అబద్ధం చెప్పలేను."

వాణ్ణి ఆ అట్టతోనే కొట్టాలనిపించింది. ఇంత విని, ఇంతసేపు నిలబడి, నచ్చలేదట! పెదవి తడుపుకున్నాను కూడా, కడిగేద్దామని. ఇంతలో మా తమ్ముడి భుజాలు కదిలాయి. వాడికిప్పుడు నవ్వుకు శబ్దం ఉండదు. భుజాలు చూసి తెలుసుకోవాలి. నవ్వుతున్నాడు. గుబురు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళకు నా పాట విన్నవాడు దొరికాడక్కా," అన్నాడు. "నచ్చలేదట. నా పాటే నచ్చలేదట!"

ఆ సంబరం నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ సగమే అర్థమైంది. నాకు మాత్రం ఇంకా కోపమే.

కంపెనీ అమ్మాయి కాగితాలు తీసింది. మా వాడు చదివి, "వేగం పాట వేస్తేనే సంతకం. నెమ్మది పాట వీళ్ళే సొంతంగా వాయించి, వీళ్ళ పేరే పెట్టుకోనీ," అన్నాడు.

"మా పెద్దలు ఒప్పుకోరండీ. ఇది ఎవరు కొంటారు?"

"ఒప్పుకోకపోతే," అన్నాడు గుబురు, "బురద తర్వాతి రికార్డు కూడా మీకు ఇవ్వం."

ఆ అమ్మాయి తెల్లబోయింది. "మీకు నచ్చలేదన్నారుగా ఇప్పుడే!"

"నచ్చలేదు. అది నా గొడవ. గొంతు ఆయనది."

వాడి మీద నా కోపం అక్కడ ఒక మెట్టు దిగింది. ఒక్క మెట్టే సుమండీ. ఆ అమ్మాయి బయటికి వెళ్ళి, తాళంచెవుల కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో చాలాసేపు వాదించింది. తిరిగి వచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. "వేస్తారట, కాని కొద్ది రికార్డులే," అంది. మా వాడు సంతకం పెట్టాడు.

రికార్డు వచ్చింది. ఈసారి అంకె బెజ్జానికి ఆమడ దూరంలో, నేను కూడబలుక్కోనవసరం లేనంత లావుగా వేశారు. బురద వాళ్ళు నెమ్మది గేటు పాటను తమ పేరుతో వేరే రికార్డుగా వేసుకున్నారు. అది బాగానే పోతోంది. మా వాడిది కూడా పోతోంది గాని, పోయినట్టే పోయి వెనక్కి వస్తోంది. అంకె అంత లావుగా ఉన్నా, రోజూ ఎవరో ఒకరు వచ్చి, ఇది చెడిపోయింది, మార్చి ఇవ్వండి అంటారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, నచ్చకపోతే పోయె, ఒప్పుకుంటాను. కాని చెడిపోయింది అంటే నేను ఊరుకోను. నేనున్నంతసేపు ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు. "మీ అత్తగారిని పైకి పంపించవయ్యా, బేరాలు పోతాయి," అని తాళంచెవుల ఆయన మా అల్లుడికి సలహా చెప్పాడట. నా ఎదురుగా చెప్పమనండి.

మొన్న ఆదివారం ఒక పొడుగాటి కుర్రాడు వచ్చాడు. మా తమ్ముడు ఇప్పుడు ఆదివారాలు ఇక్కడే, నా పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. ఎవరో అరుగు మీది ముసలాయన అనుకుని కుర్రాడు వాణ్ణి పట్టించుకోలేదు. రికార్డు బల్ల మీద పెట్టి, "అమ్మమ్మా, ఇది పిడుగు కాదు," అన్నాడు.

"మరి ఎవరట?"

"ఏమో. నేను చిన్నప్పటినుంచీ వింటున్నా, నాకు తెలీదా? ఇందులో పాడింది ఎవడో పిల్లోడు."

నేను చెంగు బిగించి లేవబోయాను. మా తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ముందుకు వంగాడు. ఆ గుసగుస వినడానికి కుర్రాడు కూడా వంగవలసి వచ్చింది.

"నాకప్పుడు పందొమ్మిదేళ్ళు నాయనా," అన్నాడు.